షెల్టరు నుంచి తెచ్చిన కుక్క రాత్రంతా మొరుగుతోంది, తిరిగి ఇచ్చేయాలా?

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. మూడు వారాల కిందట షెల్టరు నుంచి రెండేళ్ళ నాటు కుక్కను తెచ్చుకున్నారు. పేరు బుజ్జి. పెరట్లో కొబ్బరిచెట్టుకు గొలుసుతో కట్టి ఉంచుతున్నారు. రాత్రంతా మొరుగుతోంది, పాలు పోసే ఆయన మీదికి ఎగబడుతోంది, తింటున్నప్పుడు ఎవరైనా దగ్గరికి వెళ్తే గుర్రుమంటోంది. పక్కింటివాళ్ళు కర్రతో నాలుగు తగిలించమంటున్నారు. అత్తగారు తిరిగి ఇచ్చేయమంటున్నారు. చివర ఇంకో ప్రశ్న కూడా ఉంది: ఆదివారాలు ఆ షెల్టరుకు వెళ్తున్నాను, పెద్దగా ఖర్చు లేకుండా అక్కడి కుక్కలకు నేనేమైనా చేయగలనా అని.

తిరిగి ఇవ్వకండమ్మా. ముందు గొలుసు విప్పండి. మీరు రాసిన మూడు కష్టాల్లో మొరుగుడు రెండు మూడు వారాల్లో బాగా తగ్గుతుందని నా అంచనా. పాలాయనతో గొడవకు నెలా రెండు నెలలు పట్టవచ్చు. తిండి దగ్గర గుర్రు అన్నిటికన్నా నెమ్మదిగా పోతుంది, కొన్ని కుక్కల్లో పూర్తిగా పోదు కూడా. కర్ర మాత్రం ఈ మూడింటినీ పెంచుతుంది.

నేను పశువైద్యుణ్ణి, కోనసీమ పల్లెల్లోనే పనిచేసి రిటైరయ్యాను. సర్వీసంతా గేదెల పొదుగువాపులు, కోళ్ళ తెగుళ్ళు, దూడల పారుడుతో గడిచిపోయింది. కుక్క మనసు గురించి మాకు కాలేజీలో చెప్పింది దాదాపు ఏమీ లేదు. నాకు తెలిసినదంతా రిటైరయ్యాక వారానికి రెండు రోజులు ఒక షెల్టరుకు వెళ్తూ, కొంత చదివి, కొంత కరిపించుకుని నేర్చుకున్నది.

గొలుసు సంగతి. మీ పెరట్లో ఆ కొబ్బరిచెట్టు చుట్టూ ఒకసారి చూడండి. గొలుసు ఎంత పొడుగుంటే అంత మేర గుండ్రంగా గడ్డి చచ్చి, నేల నున్నగా అయిపోయి ఉంటుంది. బుజ్జికి ఉన్న లోకం అంతే. భయపెట్టేది ఎదురైనప్పుడు ఏ జంతువుకైనా రెండు దారులు: తప్పుకోవడం, తిరగబడడం. కట్టేసిన కుక్కకు మొదటి దారి మనమే మూసేశాం. ఇక మిగిలింది అరుపు, ఎగబాటు. పాలాయన రోజూ వస్తాడు, అది అరుస్తుంది, ఆయన పాలు పోసి వెళ్ళిపోతాడు. కుక్క లెక్కలో తను అరిచింది కాబట్టే ఆ మనిషి వెళ్ళాడు. రోజుకొకసారి ఆ పాఠం దానికి కొత్తగా అందుతోంది.

భీమవరం వైపు ఒక రొయ్యల చెరువు రైతు రెండు కుక్కలను గట్టుకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి గుంజలకు కట్టి కాపలా పెట్టాడు. అవి కొంగ ఎగిరినా మొరిగేవి, నీటికి గాలి అందించే ఏరియేటర్ తిరిగినా మొరిగేవి. వారం తిరగకుండా కాపలా మనిషి ఆ అరుపులకు అలవాటుపడి హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళింది వాటి మెడ పుండ్లకు మందు వేయడానికి. పట్టీలు మార్చి, రాత్రిళ్ళు విప్పి వదలమన్నాను. పారిపోతాయని వారం రోజులు నాతో వాదించాడు. చివరికి వదిలాడు. అవి ఎక్కడికీ పోలేదు. గట్టు మీద తిరిగి, వాసన చూసి, అలసిపోయి పడుకునేవి. తర్వాత కనిపించినప్పుడు ఆయన అన్న మాట: "ఇప్పుడు మొరిగితే లేస్తున్నామండి."

మీ పెరటికి ప్రహరీ లేదని రాశారు. అయితే దడి కట్టే దాకా రెండు చెట్ల మధ్య బట్టలారేసే తీగలాగా గట్టి తీగ లాగి, దానికి రింగు వేసి, ఆ రింగుకు తాడు కట్టండి. కుక్క అటూ ఇటూ నడవగలుగుతుంది. తాడు చెట్టుకు చుట్టుకోకుండా తీగకు రెండు చివరలా అడ్డుముడి వేయండి. ఇది తాత్కాలికం, దీన్నే శాశ్వతం చేసుకోవద్దు. పక్కింటివాళ్ళు ఏమైనా అంటే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో 11వ సెక్షన్ ఉందని చెప్పండి. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం లేకుండా చేయడం దాని ప్రకారం నేరమే.

లంక గ్రామాల్లో చుట్టాలున్నవాళ్ళకు ఇంకో మాట. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు చాలా ఇళ్ళవాళ్ళు ఉన్నపళంగా పడవెక్కారు. ఆ హడావుడిలో కట్టేసిన పశువును, కుక్కను విప్పడం మరిచిపోవడం పెద్ద వింత కాదు. నీళ్ళు వస్తున్నాయని తెలియగానే తలుగులు, గొలుసులు విప్పేయండి. మూటలు తర్వాత కట్టుకోవచ్చు.

రాత్రి మొరుగుడు. బుజ్జి షెల్టరులో పది కుక్కల మధ్య పడుకున్న కుక్క. ఇప్పుడు చీకట్లో ఒంటరిగా చెట్టు కింద ఉంది. అత్తగారు గడప దాటనివ్వరు, నిజమే, కానీ వసారాలో గోనెసంచి పరిచి, మీ తలుపు అవతలే పడుకోనిస్తే ఆవిడకూ అభ్యంతరం ఉండకపోవచ్చు. మనుషుల అలికిడి, ఫ్యాను చప్పుడు వినిపిస్తే చాలా కుక్కలు నాలుగైదు రాత్రుల్లో సర్దుకుంటాయి. మొరిగిన ప్రతిసారీ తలుపు తీసి "ఏయ్" అని అరవకండి. దాని దృష్టిలో మీరు కూడా వచ్చి దానితో కలిసి మొరిగినట్టే.

అసలు పని పగటిపూట ఉంది. రోజంతా ఊరికే పడుకున్న రెండేళ్ళ కుక్కకు రాత్రి నిద్ర ఎలా వస్తుంది? పొద్దున్నే కాలవ గట్టు మీద అరగంట తిప్పండి. మీరు నడిపించకండి, దాని ముక్కు నడిపించనివ్వండి. ఒకే తుప్ప దగ్గర ఐదు నిమిషాలు నిలబడి వాసన చూసినా లాగవద్దు. మనకు పేపరు చదవడం ఎలాగో దానికి అది అలాగ. మూడు కిలోమీటర్లు లాక్కుపోయిన నడక కన్నా అరకిలోమీటరు వాసన చూసిన నడకే దాన్ని ఎక్కువ అలసటపెడుతుంది.

ఎండాకాలంలో పొద్దున ఏడు దాటాక బయటికి తీయకండి. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పట్టదు. రొప్పడం ద్వారానే ఒంటి వేడి తగ్గించుకోవాలి, మన గాలిలో తేమకు ఆ రొప్పడం కూడా సరిగా పనిచేయదు. దాని మామూలు ఒంటి వేడే 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. సిమెంటు రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఆనించి ఏడు లెక్కపెట్టలేకపోతే ఆ రోడ్డు దాని కాళ్ళకు కూడా పనికిరాదు. (కోనసీమలో హస్కీలను కొనేవాళ్ళను చూస్తే నాకు ఇంకా కోపం వస్తుంది. మంచులో బండి లాగే జాతిని మే నెలలో అమలాపురంలో పెట్టి, "తిండి తినడం లేదు డాక్టరుగారూ" అంటారు.)

చేల గట్ల మీద తిరిగే కుక్కకు రెండు జాగ్రత్తలు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కుక్క నుంచి మనకూ రావచ్చు. ఏటా వేయించే టీకాలో ఇది కూడా ఉందో లేదో అడిగి వేయించండి. ఇంటికి రాగానే చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు చూడండి. కొందరు గోమార్లు అంటారు, అవే. నలిపేయకుండా పట్టకారుతో మొదలంటా లాగి సబ్బునీళ్ళలో వేయండి.

తిండిని గిన్నెలో పోసి రెండు నిమిషాల్లో ముగించేయనివ్వకండి. మన దగ్గర ఖర్చులేని ఆటవస్తువు ఒకటుంది: కొబ్బరి డొక్క. బుజ్జి సగం అన్నాన్ని గట్టి ముద్దలు చేసి డొక్కల మధ్య కుక్కి, పెరట్లో నాలుగు చోట్ల పెట్టండి. వెతుక్కుని, గీరుకుని, లాక్కుని తింటుంది. మీరు పక్కనే ఉండాలి. పీచు నమిలి మింగే రకమైతే డొక్క తీసేసి, గోనెసంచి మడతల్లో పెట్టండి. పీచు ఉండకట్టి పేగులకు అడ్డం పడితే ఆపరేషన్ దాకా పోతుంది, అలాంటిది ఒకటి నా చేతుల మీదుగానే జరిగింది. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూరలు, ఉడికిన కోడి ఎముకలు, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకండి. పులస పులుసు కూడా వద్దు. అది ఎలాగూ కుక్క దాకా రాదులెండి.

తిండి దగ్గర గుర్రు. ఇక్కడ చాలామంది చేసే తప్పు, "నేనే యజమానిని" అని చూపడానికి తింటున్న గిన్నెలో చెయ్యి పెట్టడం, గిన్నె లాక్కోవడం. నాలుగుసార్లు లాక్కుంటే ఐదోసారి మీరు వస్తుండగానే అది బిగుసుకుంటుంది. దీనికి విరుగుడు పద్ధతి ఉంది. బుజ్జి తింటుండగా అది బిగుసుకోనంత దూరం నుంచి, అంటే పది అడుగులో పదిహేను అడుగులో, నడిచి వెళ్తూ గిన్నెలో ఉన్నదాని కన్నా రుచైనది ఒక ముక్క విసిరి ఆగకుండా వెళ్ళిపోండి. ఉడికించిన కోడి కార్జం గోరంత ముక్క చాలు. రోజుకు మూడు నాలుగుసార్లు. మీ అడుగుల చప్పుడుకు తల ఎత్తి, తోక వదులుగా ఊపుతూ చూడడం మొదలైతే, అప్పుడు ఒక అడుగు దగ్గరికి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని పెద్దవాళ్ళే చేయాలి. కుక్క తింటున్నంతసేపూ పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

గుర్రుమన్నందుకు ఎప్పుడూ కొట్టకండి. గుర్రు అనేది కాటుకు ముందు అది మనకిచ్చే నోటీసు. కొడితే నోటీసు ఇవ్వడం మానేస్తుంది, లోపలి భయం అలాగే ఉంటుంది. నా ఎడమ చేతి బొటనవేలి దగ్గర ఇప్పటికీ మచ్చ ఉంది. ఒక కుటుంబం వదిలేసి వెళ్ళిన మగ కుక్క, "అసలు గుర్రుమనదండి, చాలా మంచిది" అన్నారు. నిజమే, గుర్రుమనకుండా చెప్పుతో మాన్పించారు. ఎముక పక్కకు నెట్టబోతే చప్పుడు లేకుండా కరిచింది. తప్పు నాదే. కరవబోయే ముందు దాని ఒళ్ళు కట్టెలా బిగిసింది, నాలుకతో పెదవులు తడుపుకుంది, కంటి పక్కన తెల్లగుడ్డు కనబడింది. ఇన్ని చెప్పినా నేను ఆ రోజు తొందరలో ఉన్నాను.

ఎవరినైనా కరిస్తే, టీకా వేయించిన కుక్కే అయినా సరే, గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఇంజెక్షన్లు చెప్పిన రోజుల్లో చెప్పినన్ని పూర్తి చేయాలి. కారం, సున్నం, ఆకు పసరు పెట్టవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

కర్ర ఎందుకు వద్దంటున్నాను. "కుక్కకు నువ్వే నాయకుడివని చూపించాలి" అన్న మాటకు మూలం తోడేళ్ళ మీద చేసిన పాత పరిశీలనల్లో ఉంది. 1947లో తన పరిశీలనలు ప్రచురించిన షెంకెల్ అనే శాస్త్రవేత్త చూసింది జూలో ఒకచోట బంధించిన తోడేళ్ళను. గుంపు నాయకుడన్న అర్థంలో ఆ "ఆల్ఫా" మాటను బాగా ప్రచారం చేసినవారిలో ఒకరైన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మీచ్, అడవి తోడేళ్ళను ఏళ్ళ తరబడి చూశాక, 1999లో తనే దిద్దుకున్నాడు: అడవిలో గుంపంటే తల్లి, తండ్రి, పిల్లలు, అంతే. మన దగ్గర ఆ దిద్దుబాటు ఇంకా చేరలేదు. పోర్చుగల్‌లోని పోర్టో చుట్టుపక్కల 92 పెంపుడు కుక్కలతో చేసి 2020లో ప్రచురించిన పరిశోధన ఒకటి నాకు ఇష్టం. గిన్నె ఒకవైపు ఉంటే తాయిలం ఉంటుంది, మరోవైపు ఉంటే ఉండదు అని వాటికి నేర్పి, తర్వాత గిన్నెను ఆ రెంటికీ మధ్యలో పెట్టి చూశారు. తిట్లూ కుదుపులూ ఎక్కువగా వాడే చోట నేర్చుకున్న కుక్కలు ఆ మధ్య గిన్నె దగ్గరికి నెమ్మదిగా వెళ్ళాయి. అందులో ఏమీ ఉండదులే అన్నట్టు. దెబ్బలు తిన్న కుక్క మీ ఇంట్లో ప్రతి కొత్త మనిషినీ అలాగే చూస్తుంది.

పాలాయన విషయంలోనూ దారి అదే. వారం పాటు ఆయన్ను గేటు దగ్గరే ఆగమనండి. మీరు బుజ్జిని తాడుతో పట్టుకుని, అది ఆయన్ను చూసి కూడా ఇంకా మొరగని దూరంలో నిలబడండి. ఆయన కనబడగానే ముక్క, కనబడినంతసేపూ ముక్క, ఆయన వెళ్ళగానే ముక్కలు బంద్. దూరం రోజుకు ఒక అడుగు తగ్గించండి. మొరిగితే తొందరపడ్డారని అర్థం, రెండడుగులు వెనక్కి రండి. ఆయన చేత్తో తినిపించే ముచ్చట చివరికి పెట్టుకోండి. భయపడే కుక్క ముక్క కోసం దగ్గరికి వచ్చి, తినేశాక తను ఎంత దగ్గర ఉందో చూసుకుని కరిచిన సందర్భాలున్నాయి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒకసారి పశువైద్యుడికి చూపించండి. ఉన్నట్టుండి కోపం వచ్చిన కుక్కలో నేను మొదట వెతికేది నొప్పిని. ఇంట్లో పాపను కరవబోయిందని, వదిలించుకుందామని ఒక లాబ్రడార్‌ను తెచ్చారు. కుడి చెవి నిండా చీము. పాప ముద్దు చేయడానికి పట్టుకునేది ఆ చెవినే. పది రోజుల మందుతో కథ ముగిసింది. వానాకాలం మన తేమలో చెవులు, పళ్ళు, తుంటి కీళ్ళు, పిడుదుల జ్వరం, ఇవి చూడకుండా స్వభావం గురించి తీర్పు చెప్పకూడదు. బుజ్జి చెవి కొస కత్తిరించి ఉందని రాశారు, అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయినట్టే. దానివల్ల తిరుగుడు, ఎదకు సంబంధించిన గొడవలు తగ్గుతాయి. భయం వల్ల వచ్చే కోపం తగ్గదు, ఆ ఆశ పెట్టుకోకండి.

ఇక షెల్టరు. మీ ఆదివారాలు చాలా విలువైనవి.

మా దగ్గర మనిషి లోపలికి అడుగుపెడితే ముప్ఫై కుక్కలు ఒక్కసారి ఎగిరేవి. చూడడానికి వచ్చినవాళ్ళు రెండు నిమిషాల్లో చెవులు మూసుకుని వెళ్ళిపోయేవారు. అమెరికాలో షెల్టరు కుక్కల మీద ప్రొటోపొపోవా అనే పరిశోధకురాలు చేసిన పని చదివాను: గది ముందు నుంచి వెళ్ళే మనిషి, కుక్క ఏం చేస్తున్నా పట్టించుకోకుండా ఒక తాయిలం వేసుకుంటూ పోతే చాలు, గోల తగ్గింది. మంచిగా ఉన్నప్పుడే ఇవ్వడంతో పోలిస్తే ఇది ఏమీ తీసిపోలేదు. నేను మొదట నమ్మలేదు. మొరిగేదానికి ముక్క వేస్తే మొరగడమే నేర్చుకోదా? గేటుకు పాత సైకిలు బెల్లు కట్టి, మోగించి, వరసగా గదికో ముక్క వేయించాను. పది పన్నెండు రోజులకు బెల్లు మోగితే ఎక్కువ కుక్కలు తలుపు దగ్గరికి వచ్చి నేల చూస్తూ నిలబడ్డాయి. నేలను వెతికే నోరు మొరగలేదు కదా. మొండిగా మొరిగినవి నాలుగు మిగిలాయి, వాటి సంగతి వేరు.

రెండోది, ఎదురెదురు గదుల మధ్య నడుం ఎత్తు తాటాకు దడి కట్టించండి. రోజంతా ఒకదాని మొహం ఒకటి చూసుకోవడమే సగం గొడవ. పడుకోవడానికి చెక్కబల్లో నులక మంచమో ఉంటే వానాకాలం తడి నేల మీద పుండ్లు పడవు.

మూడోది మీ ఒడి. ఒక్కొక్క కుక్కతో పావుగంట, గోల లేని చోట, ఊరికే కూర్చోండి. వీలైతే ఇంటికి తీసుకెళ్ళండి. 2019లో ప్రచురించిన ఒక పరిశోధనలో అమెరికాలోని ఐదు షెల్టర్లలో 207 కుక్కలను ఒకటి రెండు రాత్రులు ఇళ్ళకు పంపి చూశారు. ఒత్తిడిని చూపే కార్టిసాల్ అనే హార్మోను ఇంట్లో ఉన్న ఆ రాత్రుల్లో తగ్గింది. తిరిగి రాగానే మళ్ళీ మొదటి మట్టానికి వచ్చింది, కానీ అంతకు మించి పెరగలేదు. "తీసుకెళ్ళి తిరిగి దింపితే ఇంకా బాధపడుతుందేమో" అన్న సందేహం మా వాళ్ళకూ ఉండేది. ఇప్పుడు సంక్రాంతి సెలవులకు కాలేజీ పిల్లలు తలో కుక్కను ఇంటికి పట్టుకుపోతున్నారు. అందులో కొన్ని తిరిగి రావు, ఆ ఇంట్లోనే ఉండిపోతాయి.

సంగీతం పెట్టమని కూడా చెబుతారు. 2002లో ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ పరిశోధకులు ప్రచురించిన దాంట్లో, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి షెల్టరు కుక్కలు ఎక్కువసేపు పడుకున్నాయి, హెవీ మెటల్ అనే హోరు సంగీతానికి ఎక్కువ మొరిగాయి. మేం నాదస్వరం వేసి చూశాం. కుక్కల కన్నా మా వంటావిడకు ఎక్కువ నచ్చింది. రోజూ అదే వేస్తే కుక్కలు పట్టించుకోవడం మానేస్తాయి, మార్చి మార్చి వేయాలి.

దీపావళి గురించి ఒక మాట. మన జిల్లాల్లో నాగుల చవితి దాకా టపాసులు మిగిల్చి మరీ కాలుస్తారు కాబట్టి బుజ్జికి కనీసం ఐదు రాత్రులు లెక్క వేసుకోండి. ఆ రోజుల్లో సాయంత్రం నాలుగు గంటలకే తిప్పి, తినిపించేయండి. వీధికి దూరంగా ఉన్న లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను పెట్టి, మంచం కింద గోనెసంచి పరవండి. దూరితే లాగకండి, పిలవకండి. వచ్చి మిమ్మల్ని ఆనుకుంటే మాత్రం నిమరండి, భయపడే కుక్కను నిమిరితే భయం అలవాటవుతుందన్నది ఉత్త మాట. ఈ ఐదు రోజులూ గడప సంగతి అత్తగారితో ముందే మాట్లాడి ఉంచుకోండి.